మేడ మీద థాయ్ దీవి

ఆగండాగండి, ఎక్కడికా పరుగు? ఆ ఫోను బోర్లా పెట్టి, కాస్త ఇలా కూర్చోండి. ఇది విన్నాక వెళ్దురుగాని. ఒక మనిషిని తన సొంత మేడ మీద నుంచి, నిద్రలో ఉండగా, దేశబహిష్కరణ చేశారంటే నమ్ముతారా? నమ్మరు. అందుకే మొదట్నుంచీ వినాలి.

ఆయన గొడుగుల కంపెనీలో టెస్టింగ్ సెక్షన్‌కి పెద్ద. అపార్ట్‌మెంట్‌లో అందరూ గొడుగాయన అంటారు. కొత్త గొడుగు ఏది తయారైనా దాని మీద గొట్టంతో నీళ్లు కొట్టడం, మనిషెత్తు ఫ్యాను ముందు నిలబెట్టి తుఫాను గాలి తోలడం, తట్టుకుంటే పాస్ అనడం, వెల్లకిలా తిరగబడితే ఫెయిల్ అని మూలన పడేయడం, ఇదీ ఆయన ఉద్యోగం. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. ఇంటికొచ్చాక కూడా అదే బుద్ధి. కుర్చీ కొన్నా ముందు దాని మీద బియ్యం బస్తా కూర్చోవాలి, తర్వాతే మనిషి.

ఆయన భార్య బళ్లో భూగోళం పాఠం చెప్పే టీచరమ్మ. పెళ్లయిన దగ్గర్నుంచీ ఎక్కడికైనా వెళ్దామని అడుగుతూనే ఉంది. ఒకసారి మంచుకొండలకి వెళ్దామంది. చలికి ఆగుతామో లేదో చూడాలని ఈయన ఐస్‌క్రీం గోడౌన్‌లోకి వెళ్లి కూర్చున్నాడు. జలుబు చేసింది. కొండలు ఫెయిల్. ఇంకోసారి అడవికి వెళ్దామంది. పార్కులో పొదల పక్కన చొక్కా లేకుండా పడుకున్నాడు. దోమలు విందు చేసుకున్నాయి. అడవి ఫెయిల్. ఇలా ఇల్లు కదలకుండానే భూమ్మీద సగం ప్రాంతాల్ని ఫెయిల్ చేసి పారేశాడు మహానుభావుడు. పాపం ఆవిడ మాత్రం తరగతి తర్వాత తరగతి పిల్లలకి పటంలో సముద్రాలు గుర్తించడం నేర్పుతూనే ఉంది. తను ఒక్క సముద్రమూ చూడలేదు.

అదిగో, అలాంటి ఇంట్లో ఒక ఆదివారం పొద్దున్న. టీచరమ్మ పరీక్ష పేపర్లు దిద్దడానికి బడికి బయల్దేరుతోంది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, ట్రావెల్స్ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసిందని చెప్పింది. థాయ్‌లాండ్‌లో ఒక దీవి, రెండు సీట్లు ఆపి పెట్టిందట, ఈ సాయంత్రం దాకానే. ఆ అమ్మాయి బోలెడు ప్రశ్నలు కూడా అడిగిందట. ఎండ పడుతుందా, పడవ ప్రయాణం పడుతుందా, జనం ఉండే తీరం కావాలా, నిశ్శబ్దంగా ఉండేది కావాలా, ఈత కొడతారా లేక ఊరికే పడుకుంటారా అని. అందరికీ ఒకే దీవి నప్పదు మేడమ్, మీకేది నప్పుతుందో మీరే చూసుకోవాలి అందట.

"నప్పుతుందో లేదో వెళ్లకుండా ఎలా తెలుస్తుంది?" అన్నాడు గొడుగాయన.

"వెళ్తే తెలుస్తుంది."

"వెళ్లాక తెలిస్తే ఏం లాభం? వాన మొదలయ్యాక గొడుగుని టెస్ట్ చేసేవాడు తడిసి ఛస్తాడు."

టీచరమ్మ బ్యాగు భుజానికి తగిలించుకుంది. "సాయంత్రం లోపు మీరు అవునో కాదో చెప్పండి. చెప్పలేదనుకోండి, నేనే చెప్తాను," అని మెట్లు దిగింది.

ఆ గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని భయపెట్టింది. కోపంగా ఉన్న భార్యని ఎలా దాటాలో ప్రతి మొగుడికీ ఎంతో కొంత తెలుసు. నెమ్మదిగా ఉన్న భార్యకి మందు లేదు.

ఈసారి కాదనకూడదు. కానీ పరీక్ష చేయకుండా అవుననడం ఆయన వంట్లో లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని, దీవినే ఇంటికి తెప్పించుకుందామనుకున్నాడు.

పక్క స్థలంలో కొత్త బిల్డింగ్ లేస్తోంది. అక్కడి తాపీమేస్త్రి తెలిసినవాడే. సరుకు పైకెత్తే యంత్రంతో కాస్త ఇసుక మేడ మీదికి పంపమని అడిగాడు. మేస్త్రి ఎంత కావాలన్నాడు. నలుగురు పడుకునేంత అన్నాడు గొడుగాయన. మేస్త్రి ఆయన్ని ఎగాదిగా చూసి, పెద్దవాళ్ల వ్యవహారాలు మనకెందుకులే అనుకుని, నలభై మంది పడుకునేంత పంపించాడు. పిల్లలు ఆడుకునే గాలి కొలను, ఉప్పు బస్తా, గాలికి తిరగబడి ఫెయిలైన రంగురంగుల గొడుగులు, కంపెనీ వ్యాన్‌లో మనిషెత్తు ఫ్యాను, అన్నీ పైకి చేరాయి. పడవకి బదులు బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ తొట్టి.

రెండో ప్రయాణికురాలు కావాలి కదా. భార్య బళ్లో ఉంది. అందుకని ఇంట్లో ఉన్న తల్లిని బతిమాలాడు. ఆవిడకి కళ్లజోడు మీద నల్ల కళ్లజోడు పెట్టి, ఇసుకలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"నన్నేం చేయమంటావురా?"

"ఏం చేయకు. ఊరికే కూర్చుని, నచ్చిందో లేదో చెప్పు."

"ఏం చేయకుండా కూర్చోవడమా? నా జన్మలో ఎవరూ చెప్పని పని చెప్పావు. ఇంతకంటే నచ్చేదేముందిరా," అని ఆవిడ కాళ్లు చాపేసింది.

గొడుగాయన ఫ్యాను మీట నొక్కాడు. సముద్రపు గాలి అనుకున్నాడు కానీ, ఆ ఫ్యానుకి తుఫాను తప్ప వేరే వేగం తెలీదు. ఇసుక లేచి, పిట్టగోడ దాటి, సరిగ్గా కింద బాల్కనీలో కాఫీ తాగుతున్న అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి కప్పులో పడింది.

సెక్రటరీ గారు పాస్‌పోర్టు ఆఫీసులో రిటైరైన మనిషి. రిటైరయ్యాక చేతులు ఊరుకోక బిల్డింగ్‌లో ముసలీ ముతకా అందరి చేతా పట్టుబట్టి పాస్‌పోర్టులు చేయించారు. వెళ్లేవాళ్లెవరూ లేరు, అది వేరే సంగతి. కాఫీలో ఇసుక చూడగానే ఆయనకి అర్థమైపోయింది: మూడో అంతస్తు గొడుగులవాడు మేడ మీద దొంగచాటుగా గది కట్టేస్తున్నాడు. అంతే, పంచె బిగించి మెట్లెక్కారు. ఆయన వెనకాల, గది కడుతున్నారట అని నాలుగో అంతస్తు, గదికి ఒప్పుకుంటే మాకూ కావాలని రెండో అంతస్తు, అసలేంటో చూద్దామని మిగతా అందరూ.

పైకొచ్చి చూస్తే గది లేదు. నిక్కరు వేసుకుని తొట్టిలో కూర్చున్న గొడుగాయన ఉన్నాడు.

"ఇదేంటండీ?" అన్నారు సెక్రటరీ గారు.

గొడుగాయన తొట్టిలోంచి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. తల్లి మాత్రం కదలకుండా, "థాయ్‌లాండ్ నాయనా," అంది.

ఇప్పుడు చూడండి తమాషా. ఆ ఒక్క మాట వినగానే సెక్రటరీ గారి మొహం మారిపోయింది. నిటారుగా అయ్యారు. కళ్లు చిన్నవయ్యాయి. వెనక్కి తిరిగి, పైకొచ్చేసిన జనాన్నంతా చూసి, "వీళ్లందరికీ వీసాలేవి?" అన్నారు. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. గది కట్టకూడదని రూల్సులో ఉంది, దీవి కట్టకూడదని ఎక్కడా లేదు, కానీ విదేశం అన్నాక పద్ధతి ఉండాలన్నారు. మెట్ల తలుపు దగ్గర బల్ల వేయించి, అందరినీ బయటికి పంపి, మళ్లీ వరసలో రమ్మన్నారు. ఆఫీసు గదిలో ఉన్నది ఒకే ఒక్క రబ్బరు ముద్ర, కొరియర్ కవర్ల మీద కొట్టేది. అదే తెప్పించారు. వచ్చిన ప్రతివాళ్ల మణికట్టు మీదా టప్పుమని కొట్టారు. కాసేపట్లో బిల్డింగ్‌లో సగం మంది చేతి మీద 'అందినది' అని రాసుంది.

అసలే ఆదివారం. ఎవరికీ పనిలేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. ఈ బిల్డింగ్‌లో రోకలి తెచ్చేవాళ్లూ ఉన్నారు, చుట్టేవాళ్లూ ఉన్నారు. రెండో అంతస్తు అక్కాచెల్లెళ్లు తువ్వాళ్లు పరిచి, ఈ చోటు మాదంటే మాదని పోట్లాడుకున్నారు. పెద్ద బడిలో డ్రిల్లు మాస్టారు తన ఈల తెచ్చుకుని, పిట్టగోడెక్కి, మోకాలు కూడా మునగని ఆ కొలనుకి కాపలాదారుగా తనని తనే నియమించుకున్నారు. ఎవరి పాదం తడిసినా ఈల. ఒకాయన అలలు లేవని ఫిర్యాదు చేశాడు. డ్రిల్లు మాస్టారు ఇద్దరు బరువైన మనుషుల్ని కొలను అంచున కూర్చోబెట్టి, ఒకళ్ల తర్వాత ఒకళ్లని లేవమన్నారు. అలలొచ్చాయి.

గొడుగాయన మాత్రం ఇదంతా పరీక్షగానే చూస్తున్నాడు. ఎండ ఎక్కువ, అనుకున్నాడు. ఇసుక చెవుల్లోకి పోతోంది, అనుకున్నాడు. జనం మరీ ఎక్కువ. ఫెయిల్ చేయడానికి నోరు తెరవబోతుంటే డ్రిల్లు మాస్టారు అడ్డొచ్చారు.

"జనం పడకపోతే ఇక్కడెందుకున్నారు? పడమటి తీరానికి వెళ్లండి," అని నీళ్ల ట్యాంకు వెనక్కి చూపించారు.

నిజమే, ట్యాంకు వెనక ఎవరూ లేరు. తొట్టి నెత్తిన పెట్టుకుని వెళ్లాడు. అక్కడ వర్షాకాలం నడుస్తోంది. ట్యాంకు నిండి, పైనుంచి సన్నగా జల్లు పడుతోంది. ఒకే దీవిలో అటు ఎండ, ఇటు వాన. ట్రావెల్స్ అమ్మాయి కూడా ఇలాంటిదేదో చెప్పిందని, ఏ నెలలో ఏ తీరమో చూసుకోవాలందని టీచరమ్మ అన్నట్టు గుర్తు. ఆయన అలవాటుగా, ఫెయిలైన గొడుగొకటి విప్పి తొట్టి మీద పెట్టి, కింద కూర్చున్నాడు. గొడుగు మీద చినుకులు. దూరంగా ఈల. తొట్టి కింద నీళ్లు చేరి, అది కాస్త అటూ ఇటూ ఊగింది. కడుపులో తిప్పుతుందేమోనని కాచుక్కూర్చున్నాడు. తిప్పలేదు. ఇంకాస్త కాచుక్కూర్చున్నాడు. కళ్లు మూతలు పడ్డాయి.

అలాంటి నిద్ర ఆయన పెళ్లయ్యాక పోలేదు. పెళ్లికి ముందూ పోలేదు.

మెలకువ వచ్చేసరికి తొట్టి గాల్లో ఉంది. ఒక పక్క డ్రిల్లు మాస్టారు, ఇంకో పక్క ఇసుక పంపిన మేస్త్రి మోస్తున్నారు. ముందు సెక్రటరీ గారు నడుస్తున్నారు. వీసా అందరికీ మధ్యాహ్నం భోజనాల దాకానేనట. అందరూ దిగి, తిని, కొత్త ముద్ర కొట్టించుకుని వచ్చారట. దిగనివాడు ఈయనొక్కడే. గడువు దాటి ఉన్న నేరానికి ఓడతో సహా పంపించేస్తున్నారట.

"ఇది నా దీవండీ," అన్నాడు గొడుగాయన.

"గడువు దాటిన ప్రతివాడూ అదే అంటాడు," అన్నారు సెక్రటరీ గారు. తొట్టిని మెట్ల మలుపులో దించారు.

కొత్త వీసాకి ఏదైనా గుర్తింపు కార్డు కావాలన్నారు. కార్డు ఇంట్లో ఉంది. ఇంటికి తాళం. తాళంచెవి తల్లి సంచిలో. సంచి దీవిలో. దీవికి వెళ్లాలంటే వీసా. గోరుచుట్టు మీద రోకలిపోటు అన్నట్టు, ఫోను కూడా ఆ సంచిలోనే. తల్లికి కబురు చెప్పమని డ్రిల్లు మాస్టారిని బతిమాలితే, డ్యూటీలో ఉన్నవాణ్ని పలకరించకూడదన్నారాయన. పెద్దావిడ ఎటూ నిద్రలో ఉందట, అలల పక్కన.

సరిగ్గా ఆ సమయానికే టీచరమ్మ మెట్లెక్కి వచ్చింది. చేతులకి ఎర్రసిరా మరకలు. ఇంటికి తాళం చూసి, పైన గోల విని వచ్చింది. మలుపులో తొట్టి, తొట్టిలో మొగుడు, నిక్కరు, ఒంటినిండా ఇసుక. ఆవిడ ఒక మెట్టు కిందే ఆగిపోయింది. ఇన్నేళ్ల కాపురం, ఏం జరిగిందో వివరించి చెప్పనక్కర్లేదు.

"దీవి కూడా అయిపోయిందన్నమాట," అంది.

"కాదు, విను. పాసయ్యింది," అన్నాడాయన. ఆత్రంగా చెప్పాడు, ఎండ చెప్పాడు, వాన చెప్పాడు, నిద్ర చెప్పాడు. నాకు తెలీకుండానే నిద్రపోయానే, కడుపులో కూడా తిప్పలేదు అన్నాడు.

టీచరమ్మ మొహంలో ఏదో మెల్లగా వెలిగింది. మిగిలిన ఆ ఒక్క మెట్టూ ఎక్కింది. "అయితే ఆ అమ్మాయికి ఖాయం చేసెయ్యమని చెప్పనా?"

అక్కడ ఊరుకుని ఉంటే కథ కంచికి వెళ్లేది. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనేవాడు ఊరుకుంటాడా?

"చెప్పొచ్చు, కానీ చిన్న మాట. మొదటిసారే పాసయిన గొడుగుని మేం నమ్మం. ఎక్కడో తేడా ఉంటేనే అలా పాసవుతుంది. వచ్చే ఆదివారం ఇంకోసారి టెస్ట్ చేసి..."

ఆవిడ భుజం మీది బ్యాగు సర్దుకుంది. తర్వాత తొట్టిని దాటుకుని పైకి వెళ్లింది.

బల్ల దగ్గర సెక్రటరీ గారు తలెత్తకుండానే ఏ ఫ్లాటు, ఎన్నాళ్లుంటారు, ఏ పని మీద వచ్చారు అని అడిగారు.

"సముద్రం చూడ్డానికి వచ్చానండీ. ఎప్పుడూ చూడలేదు."

పొద్దుట్నుంచీ అంతమందిని అన్ని ప్రశ్నలడిగిన మనిషి, ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. ముద్ర కూడా మెత్తగా కొట్టారు.

ఆవిడ చెప్పులు విప్పి ఇసుకలో నిలబడింది. కొలనులో ఒక పాదం పెట్టింది. డ్రిల్లు మాస్టారు ఈల నోటిదాకా తెచ్చి, ఎందుకో ఊదకుండా దించేశారు. అక్కాచెల్లెళ్లు పోట్లాట ఆపి తువ్వాలు కాస్త జరిపారు. అత్తగారు నిద్రలేచి, నల్ల కళ్లజోడు పైకెత్తి కోడల్ని చూసింది.

"బాగుందా అత్తయ్యా?"

"బానే ఉందమ్మా. కానీ ఇది అది కాదే," అంది ఆవిడ.

"కాదు," అంది కోడలు.

అప్పుడు టీచరమ్మ బ్యాగులో ఫోను మోగింది. ట్రావెల్స్ అమ్మాయి. ఆఫీసు మూసే వేళయింది, సార్ ఏమన్నారు మేడమ్ అని. మెట్ల మలుపు నుంచి గొడుగాయన మెడ సాగదీసి చూస్తున్నాడు. వద్దనాలని లేదు. అవుననడం రావట్లేదు. అలవాటు లేని మాట కదా.

"సార్ ఇంకా టెస్టింగ్‌లో ఉన్నారమ్మా," అంది టీచరమ్మ. "రెండు సీట్లూ ఖాయం చెయ్యి. ఒకటి నాది. రెండోది మా అత్తగారిది. అవును, ఆవిడకి పాస్‌పోర్టుంది. ఎండ పడుతుంది, జనం పడతారు, అలల పక్కన నిద్ర కూడా పడుతుంది. పొద్దుట్నుంచీ మా ఆయనే దగ్గరుండి పరీక్ష చేశారు."

మేడంతా చప్పట్లు. సెక్రటరీ గారైతే లేచి నిలబడ్డారు. ఆయన చేయించిన పాస్‌పోర్టుల్లో ఒకటి నిజంగా దేశం దాటుతోంది మరి. ఇన్నాళ్ల రిటైర్‌మెంట్‌లో ఆయన కళ్లు చెమర్చడం అదే మొదలు.

"అది కాదే అమ్మా," అని గొడుగాయన ఆ రాత్రి తల్లి దగ్గర గునిశాడు. నువ్వొస్తే విమానాన్ని కూడా టెస్ట్ చేస్తానంటావు, ఇంట్లో ఉండు నాయనా అందావిడ, పెట్టెలో చీరలు సర్దుకుంటూ. భార్యని అడిగే ధైర్యం ఆయనకి రాలేదు. ఆవిడేమో చాలా నెమ్మదిగా ఉంది.

బయల్దేరే రోజు రానే వచ్చింది. అత్తాకోడళ్లు ఒకేలాంటి టోపీలు పెట్టుకుని టాక్సీ ఎక్కారు. టీచరమ్మ అద్దం దించి, "జాగ్రత్త," అంది. టాక్సీ మలుపు తిరిగింది. గొడుగాయన గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఆవిడ వద్దని అనలేదు, రమ్మనీ అనలేదు. రమ్మంటుందేమోనని కాచుక్కూర్చున్నట్టు అప్పుడు తెలిసింది ఆయనకి.

మేడ మీదికి రాగానే సెక్రటరీ గారు ఎదురొచ్చారు, వెనకే బిల్డింగంతా. ఇసుక దించొద్దని నిన్న మీటింగ్‌లో తీర్మానం చేశారట. దీవికొక పెద్దదిక్కు ఉండాలి కాబట్టి, గతంలో జరిగిన బహిష్కరణ మాఫీ చేసి, గొడుగాయన్నే అధిపతిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారట. వీసా అక్కర్లేదు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. పడమటి తీరం మొత్తం ఆయనదే. డ్రిల్లు మాస్టారు సెల్యూట్ కూడా చేశారు. ఇన్నేళ్లలో ఈ బిల్డింగ్‌లో ఆయనకి ఎవరూ గుడ్ మార్నింగ్ కూడా చెప్పలేదు.

అప్పుడే ఫోను మోగింది. ట్రావెల్స్ అమ్మాయి. అదే విమానంలో ఎవరో ఆఖరి నిమిషంలో మానుకున్నారు, ఒక సీటు ఖాళీ అయింది, మేడమ్ వాళ్ల వెనక వరసలోనే, ఇప్పుడు బయల్దేరితే అందుకుంటారు సార్, కానీ ఈ ఫోను పెట్టేసేలోపు చెప్పాలి అంది. ఆలోచించే టైమ్ లేదు. పరీక్షకి అసలే లేదు. గొడుగాయన ఫోను చెవిదగ్గర పెట్టుకుని, ఒకసారి ఇసుక వైపు, ఒకసారి గేటు వైపు చూశాడు.

ఇక్కడుంటే ఒక దీవికి అధిపతి, అక్కడికెళ్తే అత్తాకోడళ్ల వెనక, ఎవరూ రమ్మనని మూడో సీటు. మీరైతే ఏం చేస్తారు?